మాట మారిన జాడ



నా కంఠము మీ చెవులకు చేరుటకు సాధనమైన ఈ సంస్థ పేరునుండియే నేటి ప్రసంగమును ప్రారంభించెదను. పురాణశ్రవణము చేసినవారికి ఆకాశవాణి యను మాట క్రొత్తది కాదు. దేవకీదేవి అష్టమగర్భమువలన నీకు మృత్యువు కలుగునని కంసునకు వినిపించినది ఆకాశవాణియే. పలుకువాడు కనబడడు, పలుకు మాత్రము వినబడును. 1935లో మైసూరునందు ఎం. వి. గోపాలస్వామిగారు తాము నెలకొల్పిన రేడియో కేంద్రమునకు ఈ పేరు పెట్టిరి. తరువాత భారతప్రభుత్వ రేడియోకును ఇదియే పేరుగా స్థిరపడినది. ఆకాశవాణి యననేమని నేడొక పిల్లవానిని అడిగినచో రేడియో యనును. వాని ముత్తాత నడిగియుండినచో దేవవాక్కు అనియుండును. ఇద్దరు చెప్పినదియు సత్యమే. మాటలో అక్షరమైనను మారలేదు. దాని యర్థము మాత్రము కాలముతో నడచినది.

ఇట్టి నడకను ఊహచేత గాక సాక్ష్యముచేత పట్టుకొనుట యెట్లు? ఏ మాట ఏ కాలమున గ్రంథములలోనికి వచ్చినది, ఎప్పుడు వ్యాపించినది, ఎప్పుడు మరుగుపడినది, నడుమ అర్థమెట్లు మారినది అనునవి తెలిసికొను మార్గమేమి? ఇది పండితుల ప్రొద్దుపుచ్చుట కొరకు పుట్టిన ప్రశ్న యనుకొనవలదు. మన పురాణములు, మన పెద్దలు వ్రాసి యుంచిన కాగితములు సరిగా చదువుకొనవలెనన్న ఈ ప్రశ్న మన గడపలోనికే వచ్చును.

ముందుగా కొన్ని ఉదాహరణములు మనవి చేసెదను. మీరందరు వ్యవసాయ మెరిగినవారు. సంస్కృతములో ఆ మాటకు నిశ్చయము, గట్టి పూనిక అని యర్థము. భగవద్గీతలో నిశ్చయాత్మకమైన బుద్ధిని చెప్పుచోట ఆ మాటయే కలదు. అక్కడ నాగలియు లేదు, పొలమును లేదు. తెలుగున అది దున్నుటకు, విత్తుటకు, కోయుటకు పేరైనది. అట్లే ఉద్యోగ మనగా ప్రయత్నము, సన్నాహము. భారతములోని ఉద్యోగపర్వము యుద్ధసన్నాహములను చెప్పు పర్వము. ఆ పర్వములో ఎవరికి ఉద్యోగము వచ్చినదని ఒక విద్యార్థి నన్ను తరగతిలో అడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి గాని, నేను వానిని మెచ్చుకొంటిని. తెలియని దానిని అడుగుట మేలు; తెలిసినదనుకొని నేటి యర్థమును నాటి గ్రంథములో చొప్పించుట కీడు.

అచ్చతెలుగు మాటలును ఇట్లే నడచినవి. నూనె యనగా నువ్వుల నేయి. నేడు వేరుసెనగ నూనె, కొబ్బరి నూనె యని నిస్సంకోచముగా అనుచున్నాము. ఒక గింజకు చెందిన పేరు అన్ని గింజలకును వ్యాపించినది. చీర విషయమున దీనికి విపరీతము జరిగినది. ప్రాచీన కావ్యములలో చీర యనగా వస్త్రము. పురుషుడు కట్టినను చీరయే. నేడది స్త్రీలు కట్టు బట్టకే పరిమితమైనది. కంపు అను మాట పూర్వకవులకు పరిమళమును గూడ తెలిపెడిది. నేడా మాట వినినంతనే ముక్కు మూసికొందుము. ఛాందసుడనగా వేదము చదివినవాడు. నేడు కాల మెరుగనివాడని నిందించుటకు వాడుచున్నారు. అహోరాత్రములో ముప్పదవ భాగము, అనగా 48 నిమిషముల కాలము, ముహూర్తము. నేడు ముహూర్తమనగా మంచి గడియ మాత్రమే. ఇట్లు అర్థము పెరుగుటను వ్యాకోచమనియు, తరుగుటను సంకోచమనియు, హెచ్చుటను ఉత్కర్ష యనియు, దిగుటను అపకర్ష యనియు భాషావేత్తలు పేర్లు పెట్టిరి.

ఇవి యన్నియు జరిగినవని చెప్పుట సులభము. ఎప్పుడు జరిగినవో చెప్పుట కష్టము. దానికి ఒకటే ఉపాయము. మాటను వాక్యముతో సహా ఎత్తి వ్రాసికొని, అది యే గ్రంథములోనిది, ఎవరిది, ఏ సంవత్సరమునాటిది అని గుర్తించి, అట్టి చీటీలను వందలు వేలు చేర్చి కాలక్రమమున పేర్చవలెను. అప్పుడు మాట తన చరిత్రను తానే చెప్పును. లండను నగరములోని భాషాశాస్త్ర పరిషత్తువారు 1857లో ఆంగ్లభాషకు ఇట్టి మహానిఘంటువు కావలెనని సంకల్పించిరి. పుస్తకములు చదివి చీటీలు వ్రాసి పంపుడని లోకులను వేడిరి. బడిపంతుళ్లు, మతాచార్యులు, ఇల్లాండ్రు, తీరికగల గృహస్థులు లక్షల చీటీలను టపాలో పంపిరి. జేమ్స్ మర్రే యను సంపాదకుడు వానిని పేర్పించెను. మొదటి భాగము 1884లో వెలువడినది. నిఘంటువు ముగియుసరికి 1928వ సంవత్సరము వచ్చినది. సంకల్పించినవారు ముగింపును చూడలేదు. పని మాత్రము నిలిచినది.

మన తెలుగున ఈ పని ఎట్లు సాగినది? సి. పి. బ్రౌనుదొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయినది. ఆయన కావ్యములలోని మాటలతో పాటు జనుల నోటి మాటలను గూడ చేర్చెను. తెలుగువారు వాడుచుండిన అన్యదేశ్యములకు 1854లో వేరొక నిఘంటువునే వెలువరించెను. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము వచ్చినది. అది ప్రధానముగా కావ్యభాషకు ప్రమాణము. తరువాత పిఠాపురపు ప్రభువు ఆదరణతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సూర్యరాయాంధ్ర నిఘంటువును పూనినది. దాని మొదటి సంపుటము 1936లో వెలువడినది. అందు మాట ప్రక్కన దానిని వాడిన గ్రంథములోని ప్రయోగమును చూపిరి. ఈ నిఘంటువులను నేను నిత్యము తిరగవేయుదును. వారి శ్రమకు నమస్కరింతును. కాని యొక సంగతి మరువరాదు. ఎవరిని సాక్షులుగా పిలిచిన వారి సాక్ష్యమే వ్యవహారములో ఎక్కును. కవులను మాత్రమే పిలిచినచో కవుల భాష తెలియును. కాపుల భాష తెలియదు.

సాక్షులలో గూడ తారతమ్యము కలదు. అన్నిటికంటె గట్టి సాక్షి రాయి. ఆరవ శతాబ్దపు చివర కడప ప్రాంతమున రేనాటి చోళులు వేయించిన కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనములు తెలుగు వాక్యమును ఆనాటి రూపముతోనే మనకు చూపుచున్నవి. రాతిని ఎవరును దిద్దలేదు. తాళపత్రము అట్లు కాదు. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమువాడు. కాని మన చేతికి వచ్చిన భారతపు ప్రతులు ఆయన చేతి వ్రాతలు కావు. వ్రాయసకాడు తన కాలపు రూపమును తెలియకయే చేర్చును. పరిష్కర్త తెలిసియే దిద్దును. కావున గ్రంథకర్త కాలము వేరు, ప్రతి కాలము వేరు, అచ్చు కాలము వేరు. ఈ మూడింటిని కలిపివేసినచో లెక్క తప్పును.

అచ్చు పుస్తకములకును ఈ జాగ్రత్త కావలెను. మన అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునే తీసికొనుడు. అది 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, 1909లో ఎంతయో పెంచి, మార్చి, మరల అచ్చువేసిరి. నేడు మన యిండ్లలో నున్నవి సాధారణముగా ఈ రెండవ కూర్పు ప్రతులు. అందొక మాట కనబడినంతమాత్రమున అది 1892 నాటి ప్రయోగమని చెప్పరాదు. మొదటి కూర్పులో నున్నదా యని చూడవలెను.

ఈ జాగ్రత్త ఇంటి కాగితములకును వర్తించును. కొన్ని యేండ్ల క్రిందట మా ప్రాంతపు పల్లె యొకదానినుండి ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు ఒక పాత కాగితము పట్టుకొని నాయొద్దకు వచ్చిరి. తమ ఊరి దేవాలయమునకు ఏటేట ఒక పుట్టి ధాన్యము కొలిచెదమని వారి పూర్వులు వ్రాసి యిచ్చినది. నడుమ నిలిచిన ఆ ధర్మమును మరల సాగింపవలెనని ఇద్దరికిని కోరికయే. కాని పుట్టి యనగా ఎంత? ఒకరు నిఘంటువు చూచి ఇరువది తూములనిరి. రెండవవారు గోదావరి జిల్లాలోని బంధువుల లెక్క చెప్పిరి. రెంటికిని చాల భేదము వచ్చినది. మాట మీద మాట పెరిగి, ఒకరి భక్తిని ఒకరు శంకించు వరకు వచ్చినది. “ఈ కాగితము వ్రాసినవాడు నిఘంటువులోను లేడు, గోదావరిలోను లేడు, మీ ఊరిలో కూర్చుండి వ్రాసెను. ఆ కాలపు మీ ఊరి కాగితమే మరియొకటి వెదకి తెండు నాయనా” అంటిని. పెట్టె యడుగున అదే కాలపు ధాన్యపు లెక్కల పుస్తకము దొరికినది. అందలి కూడికలను బట్టి వారి ఊరి పుట్టికి కుంచములెన్నియో తేలినది. తగవు ఆ సాయంకాలమే తీరినది. కొలతల పేర్లు దేశమంతట ఒకటియే; కొలతలు మాత్రము ఊరూరికి వేరు. మాటకు అర్థము చెప్పవలెనన్న దాని ఊరును, దాని యేడును అడుగవలెను.

ఆ కొలతల మాటలే ఇప్పుడు గ్రంథములనుండి తొలగిపోవుచున్నవి. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, క్రమముగా మణుగు, వీశ, సోల, తవ్వ, కుంచములకు బదులు కిలోలు, లీటరులు వచ్చినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చి అణా, బేడ, కాని, దమ్మిడీలు క్రమముగా సెలవు తీసికొన్నవి. తంతి యను మాట చూడుడు. లోహపు తీగకు పేరైన ఆ మాట టెలిగ్రాఫు వచ్చిన పిమ్మట వార్తకు పేరైనది. ఇంటికి తంతి వచ్చినదన్న గుండె లదరెడివి. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. ఇక ముందు తరమువారు ఆ మాటను పాత కథలలో చదివి తీగకును కన్నీటికిని సంబంధమేమని విస్తుపోవుదురు. వస్తువు పోయినచో మాటయు పోవుట సాధారణము. అయినను కొన్ని మాటలు సామెతల గూటిలో దాగి బ్రదుకును. అణా పోయినను పదహారణాల తెలుగు పోలేదు. దమ్మిడీ పోయినను దమ్మిడీకి కొరగానివాడు పోలేదు.

ఇప్పుడు ఈ లెక్కలకు యంత్రములు వచ్చినవి. 2010లో గూగుల్ సంస్థవారు లక్షలకొలది గ్రంథములను యంత్రముచేత చదివించి, ఒక మాట ఏ సంవత్సరమున ఎంత విరివిగా వాడబడినదో గీత గీసి చూపు సాధనమును లోకమునకిచ్చిరి. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, రష్యను, చీనా మున్నగు కొన్ని భాషలకే ఆ సౌకర్యము. అందులో తెలుగు లేదు. తెలుగునకు చిక్కులును ఎక్కువ. మన యక్షరములకు గుణింతములు, వత్తులు పైనను క్రిందను చేరును గనుక పాత అచ్చును యంత్రము తప్పుగా చదువును. మన మాటలు విభక్తులతో రూపము మార్చుకొనును. చెట్టు, చెట్లు, చెట్టున, చెట్లకు అన్నియు ఒకటే మాట యని యంత్రమునకు నేర్పవలెను. సంధి కుదిరినచోట రెండు మాటలు ఒకటియై కూర్చుండును, వానిని విడదీయవలెను. వ్రాతయు మారినది. పూర్వులు చెఱకు అని బండి ఱతో వ్రాసిరి; మనము చెరకు, చెరుకు అనుచున్నాము. అరసున్న యొకప్పుడు అచ్చులో నిండుగా నుండి నేడు దాదాపుగా మాయమైనది. మీ చేతిలోని పాత పుస్తకమున అరసున్నలు, బండి ఱలు ఎట్లున్నవో చూచినచో, మొదటి పుట చిరిగిపోయినను, దాని కాలమును కొంతవరకు ఊహింపవచ్చును.

ఈ చిక్కులన్నియు తీరినవనుకొందము. అప్పుడైనను ఒక పెద్ద ప్రమాదము మిగులును. నేటి ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచినది దానినే. చేయుచున్నాను, చేస్తున్నాను అను రెండు రూపములను తెలుగు పుస్తకములలో లెక్కించినామనుడు. పందొమ్మిదవ శతాబ్దపు గ్రంథములలో మొదటిది విస్తారముగా నుండును. ఇరువదవ శతాబ్దము గడచినకొలది రెండవది దానిని త్రోసివేయును. దానిని చూచి మన ముత్తాతలు ఇండ్లలో చేయుచున్నాను అని పలికెడివారనియు, జనుల నాలుక ఇటీవల మారినదనియు యంత్రము తీర్పు చెప్పును. అది సత్యము కాదు. మారినది నాలుక కాదు. పుస్తకపు గుమ్మము తెరవబడినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830, 1831 సంవత్సరములలో కాశికి పోయి, తిరుగు దారిలో మన గంజాము, విశాఖపట్టణ మండలముల మీదుగా చెన్నపట్టణము చేరిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్ర నాటి శిష్టుల వాడుక మాటలకు నిలయము. పుస్తకము లెక్కువగా గ్రాంథికమునే ధరించుచున్న దినములలోను వాడుక భాష లోపల బ్రదికియే యున్నదని అది సాక్ష్యము చెప్పుచున్నది.

ఆ గుమ్మము దానంతట అది తెరచుకొనలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక రూపములు నిన్న మొన్న పుట్టినవి కావని చూపుటకు పాత గద్యములను, వ్యాఖ్యానములను గాలించి ప్రయోగములను ఎత్తి చూపిరి. ఆయన వాదమునకు ఆయుధము ఆవేశము మాత్రమే కాదు, చీటీలు కూడ. 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునందు పాఠ్యభాషను గూర్చి చర్చ జరిగినప్పుడు గురజాడవారు తమ అసమ్మతిని ప్రత్యేకముగా వ్రాసి సమర్పించిరి. ఆ దినమున ఓడిన పక్షమే కాలక్రమమున పత్రికలలోను, కథలలోను, పాఠ్యపుస్తకములలోను గెలిచినది. నేను సంప్రదాయ విద్య చదివినవాడను. గ్రాంథికముననే మీతో ముచ్చటించుచున్నాను. ఈ ప్రసంగము అచ్చయిన పిమ్మట ఏ యంత్రమైన దీనిని చదివినచో, ఈ ముసలి పంతులు భోజనమునకు వచ్చెదనని భార్యతో పలికెడివాడని వ్రాసికొనును. వస్తానని చెప్పిననే మా యింట అన్నము వడ్డింతురు!

కావున పుస్తకములలో కనబడని మాట లోకములో లేదని చెప్పరాదు. మన ఉత్తరాంధ్రమున భూస్వామిని బుగత యందురు; పాలేరును కంబారి యందురు; చిన్నపిల్లను గుంట యందురు. విడిచిపెట్టుమనుటకు ఒగ్గేయమందురు. ఈ మాటలు ఎన్ని తరములనుండి నోళ్లలో నున్నవో తెలియునంతగా గ్రంథములు చెప్పవు. కథకులు వానిని చేరదీసిన తరువాతనే వానికి తేదీ దొరకినది. చెరకు తోట నరికిన నాటినుండి బెల్లపు దిమ్మ మార్కెట్టుకు చేరువరకు గానుగ, పెనము, పిప్పి, మడ్డి, పాకము అని పనిపనికి మాటలున్నవి. పాకము ముదిరినదో లేదో చేతితో పట్టి చూచువాడు దాని ఒక్కొక్క దశకు ఒక్కొక్క పేరు చెప్పును. మన అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రము 1913 నుండి యున్నది. దాని శాస్త్రము గ్రంథములకెక్కినది. బెల్లము వండువాని మాటలు ఆ పాటి నోచుకొనలేదు.

ఈ లోటును గుర్తించి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు పల్లె పల్లెకు సేకర్తలను పంపి, రైతుల నోట విని, వ్యవసాయమునకు సంబంధించిన మాండలిక వృత్తి పదకోశమును కూర్చిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962లో దానిని ప్రకటించిరి. ఒకే పనిముట్టునకు ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క పేరుండుట అందు చూడవచ్చును. శ్రీకాకుళములో కథకులు కాళీపట్నం రామారావుగారు 1997లో కథానిలయమును స్థాపించి తెలుగు కథలను, పాత పత్రికలను పోగుచేసిరి. మాటలు ఏ యేట ఏ కథలో తొంగిచూచినవో వెదకువానికి అది కల్పవృక్షము. కాని పదకోశము వెలువడి అరువది యేండ్లు దాటినది. నాడు మాటలు చెప్పిన రైతులలో ఎందరో నేడు లేరు. ఏతములు పోయి యంత్రములు వచ్చినవి. కళ్ళములో ఎద్దులు త్రొక్కుట పోయి కోతయంత్రము వచ్చినది. ఆ పనులను చేతితో చేసినవారు ఇంకను కొందరు మన యరుగుల మీద కూర్చుండియున్నారు. వారితో పోవు మాటను ఏ నిఘంటువును తిరిగి తేలేదు.

అందుచేత చదువు వచ్చిన గ్రామ పెద్దలకు నాదొక విన్నపము. ఒక నోటుపుస్తకము కొనుడు. మరుగుపడుచున్న మాట యొకటి తోచినప్పుడు పుటకొక్కటి చొప్పున వ్రాయుడు. మాట వ్రాసి, అది వచ్చు పూర్తి వాక్యమును పలికిన తీరుననే వ్రాయుడు, దిద్దవలదు. ఆ వస్తువు ఎట్లుండునో, ఆ పని ఎట్లు చేయుదురో రెండు మాటలలో చెప్పుడు. చెప్పినవారి ఊరు, వయస్సు, మీరు వ్రాసిన తేదీ చేర్చుడు. మాట పుస్తకములో దొరికినదైనచో పుస్తకము పేరు, అచ్చయిన యేడు, ఎన్నవ కూర్పో, పుటసంఖ్య చేర్చుడు. తేదీ లేని మాట ఊరు పేరులేని ఉత్తరము వంటిది. పుస్తకము నిండిన పిమ్మట ఊరి గ్రంథాలయమున నొక ప్రతిని, బడిలో నొక ప్రతిని ఉంచుడు. పండితులు రేపు వెదకికొని వత్తురు, యంత్రములును వచ్చును. వారు వచ్చునప్పటికి సాక్ష్యము సిద్ధముగా నుండవలెను.

ఇంటిలో పాత కాగితములున్నచో చెదలకు ఒప్పగింపక దాచుడు. మనుమలు పుట్టి యనగానేమి, బుగత యనగానేమి అని అడిగినప్పుడు విసుగుకొనక చెప్పుడు. చెప్పిన దానిని వారిచేతనే వ్రాయింపుడు. చెవిన పడిన మాట ఒక తరము నిలుచును. తేదీ వేసి వ్రాసిన మాట అనేక తరములు నిలుచును.